కొనేవాడెవరో తెలియకుండానే గీసిన బొమ్మలు

1509 ఆగస్టులో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే యాకోబ్ హెల్లర్ అనే పెద్ద వ్యాపారికి ఒక ఉత్తరం రాశాడు. హెల్లర్ చర్చిలో పెట్టించడానికి ఒక పెయింటింగ్ ఆర్డర్ ఇచ్చాడు, డ్యూరర్ దాని మీద నెలల తరబడి కూర్చున్నాడు, ఖరీదైన నీలం రంగు కొని పొర మీద పొర వేశాడు, తీరా లెక్క చూసుకుంటే పెట్టిన టైముకీ వచ్చే డబ్బుకీ పొంతనే లేదు. అందుకే ఆ ఉత్తరంలో దాదాపు ఇలా అంటాడు: ఇకమీదట ఇంత ఓపిగ్గా పెయింటింగులు వేసే పని పెట్టుకోను, నా ఎన్‌గ్రేవింగ్ (రాగి రేకు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే పని) నేను చేసుకుంటా, మొదట్నుంచీ అదే చేసుంటే ఈపాటికి ఇంకో వెయ్యి ఫ్లోరిన్లు సంపాదించి ఉండేవాణ్ణి.

ఆ పెయింటింగ్‌లో అసలైన మధ్య భాగం 1729లో మ్యూనిక్ రాజభవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఇప్పుడు మనకి మిగిలింది వేరే ఆయన వేసిన కాపీ. అదే డ్యూరర్ రాగి రేకు మీద చెక్కి కాగితం మీద తీసిన బొమ్మలు మాత్రం లండన్‌లో ఉన్నాయి, న్యూయార్క్‌లో ఉన్నాయి, వియన్నాలో ఉన్నాయి, ఒక చోట కాలినా ఇంకో చోట ఉంటాయి. అచ్చు బొమ్మ వల్ల కళ అందరికీ అందింది అని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో చెప్పేసి వెళ్ళిపోతారు గానీ, ఆ ఒక్క వాక్యం వెనక చాలా ఉంది. ఎవరికి అందింది, ఎంత రేటుకి అందింది, అందినప్పుడు బొమ్మలో ఏం మారింది, ఇవన్నీ చూడాలి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఒకటుంది: అచ్చు వచ్చాక ఆర్టిస్టు మొదటిసారి ఆర్డర్ లేకుండా, కొనేవాడెవరో తెలియకుండా బొమ్మ వేసి బతకగలిగాడు, మిగతా మార్పుల్లో చాలావరకు అక్కణ్ణుంచి వచ్చినవే.

అంతకు ముందు పెద్ద బొమ్మ అంటే ఎలా ఉండేదో చూడండి. ఒక రాజో, ఒక మఠమో, హెల్లర్ లాంటి ఒక షావుకారో అడిగితేనే చిత్రకారుడు మొదలుపెట్టేవాడు. ఏ దేవుడి బొమ్మ, ఎంత సైజు, ఎంత బంగారం, ఎంత నీలం, అన్నీ కాగితం మీద రాసుకునేవాళ్ళు. తయారయ్యాక అది ఒకే గోడ మీద ఉంటుంది. చూడాలంటే మనిషి దాని దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళినా లోపలికి రానివ్వాలి. ఇటలీలో ఫ్లోరెన్స్‌లో ఉన్న బొమ్మ గురించి డ్యూరర్ సొంత ఊరు న్యూరెంబర్గ్‌లో ఉన్న కుర్ర ఆర్టిస్టుకి తెలియాలంటే ఎవరో వెళ్ళొచ్చి నోటితో చెప్పాలి లేదా తనే ఆల్ప్స్ కొండలు దాటి వెళ్ళాలి.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే రేటు, కాపీల లెక్క అన్నీ ఆ పనిలోంచే వస్తాయి. అన్నిటికంటే పాతది చెక్క అచ్చు, వుడ్‌కట్. పెడనలో కలంకారీ అద్దకం వాళ్ళు టేకు చెక్క అచ్చు మీద ఏం చేస్తారో సూత్రం సరిగ్గా అదే: గీత కావాల్సిన చోట చెక్కని ఉంచేసి చుట్టూ ఉన్నదంతా తవ్వేస్తారు, ఉబ్బెత్తుగా మిగిలిన గీతకి రంగు అంటుతుంది, దాన్ని ఒత్తితే బొమ్మ పడుతుంది. చైనాలో ఇది ఎప్పుడో ఉంది, 868 నాటి వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం మొదట్లో బుద్ధుడి బొమ్మ ఇలా అచ్చు వేసిందే. యూరప్‌లో గుడ్డ మీద అద్దకం ముందు నుంచీ ఉన్నా కాగితం మీద బొమ్మలు రావడానికి 1400 ప్రాంతం దాకా ఆగాల్సొచ్చింది, ప్రధానంగా కాగితం లేక. జంతువుల చర్మం మీద రాసుకునే రోజుల్లో చవక బొమ్మ అనే మాటే లేదు. న్యూరెంబర్గ్ దగ్గర 1390లో కాగితం మిల్లు పెట్టారు, ఆ తర్వాత ఒకటి రెండు తరాల్లోనే ఆ ఊరు అచ్చు పనికి పెద్ద సెంటర్ అయింది. కాగితం చవకవడం అనే విషయాన్ని చాలామంది దాటేస్తారు గానీ నా దృష్టిలో సగం కథ అదే.

ఆ తొలినాటి చెక్క అచ్చు బొమ్మలు కొన్నది పెద్ద ఆర్ట్ తెలిసిన వాళ్ళు కాదు, యాత్రలకి వెళ్ళిన మామూలు జనం. 1423 అని తేదీ ఉన్న సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ ఒకటి ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంది, దాని కింద లాటిన్‌లో రెండు లైన్లు ఉంటాయి, ఏ రోజు క్రిస్టఫర్ ముఖం చూస్తావో ఆ రోజు నీకు దుర్మరణం ఉండదు అని. అంటే ఇంట్లో అంటించుకుని పొద్దున్నే చూసుకోవడానికి పనికొచ్చే బొమ్మ. ఇలాంటివి కుప్పలు తెప్పలుగా అచ్చయ్యాయి, గోడలకి, పెట్టెలకి అంటించారు, చిరిగిపోయాయి, పొయ్యిలోకి పోయాయి. ఈ ఒక్కటీ ఒక చేతిరాత పుస్తకం అట్ట లోపల అంటించి ఉండటం వల్ల మిగిలింది. ఎక్కువమంది వాడిన బొమ్మలే తక్కువ మిగులుతాయి, అందుకే చరిత్రలో వాటి లెక్క ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

ఎన్‌గ్రేవింగ్ దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. మన ఇళ్ళలో ఇత్తడి, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, కొన్నాళ్ళకి ఆ గీతల్లోకి మసి, చింతపండు మురికి దిగి పేరు నల్లగా కనపడుతుంది, పైన ఎంత తోమినా లోపలిది పోదు. ఎన్‌గ్రేవింగ్‌లో జరిగేది అదే. బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలితో రాగి రేకు మీద గీతలు తవ్వుతారు, రేకంతా ఇంకు పూసి గుడ్డతో పైపైన తుడిచేస్తారు, గీతల్లో ఉన్న ఇంకు మాత్రం అలాగే ఉంటుంది, తడిపిన కాగితం దాని మీద పెట్టి రెండు రోలర్ల మధ్య గట్టి ఒత్తిడితో లాగితే కాగితం ఆ గాళ్ళలోకి దిగి ఇంకుని పైకి తెచ్చుకుంటుంది. ఇది కంసాలుల దగ్గర పుట్టిన పని, కత్తుల పిడుల మీద, వెండి గిన్నెల మీద నగిషీ చెక్కే వాళ్ళ చేతిలోంచి వచ్చింది. డ్యూరర్ నాన్న కూడా కంసాలే, కొడుకు ముందు ఆ పనే నేర్చుకున్నాడు. చెక్క మీద రాని సన్నదనం రాగి మీద వస్తుంది, వెంట్రుకంత గీతలు పక్కపక్కన వేసి, అడ్డంగా మళ్ళీ వేసి నీడలు తేవచ్చు. కాకపోతే ఒత్తిడికి రాగి అరిగిపోతుంది. చెక్క అచ్చుతో వేల కాపీలు తీయొచ్చు, రాగి రేకు మంచిగా పడేది కొన్ని వందలు, ఆ తర్వాత బొమ్మ పాలిపోతూ వస్తుంది. ఎచింగ్ అనేది ఇంకోటి, అందులో ఉలికి బదులు యాసిడ్ పని చేస్తుంది: రేకు మీద మైనం లాంటి పూత వేసి దాని మీద సూదితో గీసి యాసిడ్‌లో ముంచితే గీసిన చోట మాత్రం రాగిని యాసిడ్ తినేస్తుంది. సూదితో గీయడం కాగితం మీద పెన్నుతో గీసినంత తేలిక కాబట్టి పెయింటర్లకి ఇది బాగా నచ్చింది, డచ్ పెయింటర్ రెంబ్రాంట్ ఒక్కడే దాదాపు 300 చేశాడు.

ఇప్పుడు మళ్ళీ డ్యూరర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ వ్యాపారాన్ని ఆయన అర్థం చేసుకున్నంత బాగా ఆ రోజుల్లో ఇంకెవరూ అర్థం చేసుకోలేదనిపిస్తుంది. 1498లో, ఇంకా ముప్పై కూడా రాకముందే, బైబిల్ చివర ఉండే ప్రళయం కథకి 15 పెద్ద చెక్క అచ్చు బొమ్మలు వేసి లాటిన్‌లో ఒకటి, జర్మన్‌లో ఒకటి పుస్తకాలుగా తెచ్చాడు, ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు, తనే పబ్లిషర్. 1500 వస్తోంది, లోకం అంతమైపోతుందేమో అని జనం భయపడుతున్న టైం, ఆ భయం ఆయనకి తెలుసు. అంతకు ముందు ఏడాదే ఊరూరా తిరిగి తన బొమ్మలు అమ్మి పెట్టడానికి ఒక మనిషితో ఒప్పందం రాసుకున్నాడు. వాళ్ళమ్మ అమ్మేది, భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతలో కూర్చుని అమ్మేది. ప్రతి బొమ్మ మీదా ఏ, డి అక్షరాలు కలిపి ఒక గుర్తు ఉంటుంది, ఊరు దాటినా దేశం దాటినా అది ఎవరిదో తెలిసిపోవాలి. 1520లో నెదర్లాండ్స్ వెళ్ళినప్పుడు సంచుల్లో తన ప్రింట్లు పట్టుకెళ్ళి, కొన్ని అమ్మి, కొన్ని పెద్ద మనుషులకి కానుకలుగా ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చాడో డైరీలో రాసుకున్నాడు. రాజుల కొలువు చుట్టూ తిరిగే చిత్రకారుడి జీవితం కాదిది. ఆయనకి చక్రవర్తి మాక్సిమిలియన్ దగ్గర పింఛను కూడా ఉంది, కాదనను, కానీ ఆయన పేరు యూరప్ అంతా తెలిసింది మాత్రం ఈ కాగితాల వల్లే.

దీని వల్ల బొమ్మలో కూడా మార్పొచ్చింది. 1514 నాటి మెలెన్‌కోలియా అనే ఎన్‌గ్రేవింగ్ చూడండి, రెక్కలున్న ఒక ఆడమనిషి చేతిలో కంపాస్ పట్టుకుని పని ఆపేసి దిగులుగా కూర్చుంటుంది, చుట్టూ పనిముట్లు చెల్లాచెదురుగా, వెనక గోడ మీద ఎటు కూడినా 34 వచ్చే అంకెల చదరం, దాని అడుగు వరసలో 15, 14 పక్కపక్కన పడి సంవత్సరం కూడా వచ్చేస్తుంది. ఇలాంటి బొమ్మని ఏ చర్చి ఆర్డర్ ఇస్తుంది? ఏ రాజు తన హాల్లో పెట్టుకుంటాడు? ఆర్డర్ ఇచ్చే ఒక్కడిని మెప్పించక్కర్లేదు, ఎక్కడెక్కడో ఉన్న కొన్ని వందల మంది చదువుకున్న వాళ్ళు కొనుక్కుని టేబుల్ మీద పెట్టుకుని గంటలు గంటలు చూస్తే చాలు, అందుకే ఇలాంటి వింత బొమ్మ సాధ్యమైంది. జనంలోకి వెళ్తే కళ పల్చబడిపోతుంది అనే మాట వింటుంటాం, ఈ బొమ్మ చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది.

కాపీ కొట్టడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మార్కాంటోనియో రైమోండీ అనే ఇటాలియన్ ఎన్‌గ్రేవర్ డ్యూరర్ చెక్క అచ్చు బొమ్మల్ని రాగి మీద అచ్చం అలాగే దింపేశాడు, ఆ గుర్తుతో సహా. డ్యూరర్ వెనిస్ వెళ్ళి ఫిర్యాదు చేశాడని, అక్కడి ప్రభుత్వం బొమ్మని కాపీ చేసుకో గానీ ఆయన గుర్తు మాత్రం వాడొద్దని చెప్పిందని ఒక పాత కథ ఉంది, అది ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. 1511లో మేరీమాత బొమ్మల పుస్తకం వేసినప్పుడు మాత్రం డ్యూరర్ చివర్లో దొంగలకి గట్టి హెచ్చరిక అచ్చు వేశాడు, చక్రవర్తి నాకు హక్కిచ్చాడు, కాపీ చేస్తే సరుకు పోతుంది, ప్రమాదంలో పడతారు అని. ఇదే రైమోండీ తర్వాత రోమ్ వెళ్ళి రఫాయెల్ అనే పెద్ద పెయింటర్‌తో కలిసి ఇంకో పద్ధతి మొదలుపెట్టాడు, అందులో రఫాయెల్ డ్రాయింగ్ ఇస్తాడు, ఇతను చెక్కుతాడు, లాభం ఇద్దరికీ. రోమ్‌కి ఎప్పుడూ వెళ్ళని వాళ్ళు కూడా రఫాయెల్ మనుషుల్ని ఎలా నిలబెడతాడో, ఎలా కూర్చోబెడతాడో తెలుసుకున్నది వీటితోనే. 1863లో పారిస్‌ని గగ్గోలెత్తించిన పిక్నిక్ పెయింటింగ్ ఉంది కదా, ఎడ్వార్డ్ మానే అనే ఫ్రెంచి పెయింటర్ వేసింది, అందులో గడ్డి మీద కూర్చున్న ముగ్గురి భంగిమలు నేరుగా రైమోండీ చేసిన ఒక ప్రింటులో మూల నుంచి తీసుకున్నవి. ఆ ప్రింటుకి ఆధారమైన రఫాయెల్ డ్రాయింగ్ మిగల్లేదు, కాగితం మీద అచ్చు మిగిలింది, 300 ఏళ్ళు దాటాక ఒక ఫ్రెంచి ఆయనకి పనికొచ్చింది.

అయితే అచ్చు తప్పుని కూడా అంతే వేగంగా మోసుకెళ్తుంది. మన గుజరాత్ సుల్తాన్ ముజఫర్ షా పోర్చుగీసు వాళ్ళకి ఒక ఖడ్గమృగాన్ని బహుమతిగా ఇచ్చాడు, అది గోవా మీదుగా ఓడలో 1515 మేలో లిస్బన్ చేరింది. రోమన్ల కాలం తర్వాత ఐరోపా వాళ్ళు బతికున్న ఖడ్గమృగాన్ని చూడటం అదే మొదలు. డ్యూరర్ దాన్ని చూడలేదు, లిస్బన్ నుంచి వచ్చిన ఒక ఉత్తరం, ఒక స్కెచ్ చూసి న్యూరెంబర్గ్‌లో కూర్చుని చెక్క అచ్చు బొమ్మ వేయించాడు. ఒంటి మీద ఇనప కవచాల్లాంటి పలకలు, మెడ మీద అసలు లేని ఒక చిన్న కొమ్ము. పాపం ఆ జంతువుని పోప్‌కి కానుకగా పంపిస్తుంటే ఓడ మునిగి చచ్చిపోయింది, బొమ్మ మాత్రం ఆగలేదు. ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ అచ్చు వేశారు, సైన్సు పుస్తకాల వాళ్ళు కూడా దాన్నే దించుకున్నారు, 1741లో బెంగాల్ నుంచి వచ్చిన క్లారా అనే ఖడ్గమృగాన్ని ఊరూరా తిప్పి చూపించే దాకా ఆ మెడ మీది కొమ్ము జనం బుర్రల్లోంచి పెద్దగా కదల్లేదు. ఒకే బొమ్మ అందరి దగ్గరా ఉంటే అందరూ కలిసి ఒకే తప్పు నమ్ముతారు, ఇది కూడా ఈ కథలో భాగమే, దాచకూడదు.

అందరికీ అందింది అన్నప్పుడు ఆ అందరూ ఎవరు అనేది తెలుసుకోవాలంటే లండన్‌లో విలియం హోగార్త్ దగ్గరికి వెళ్ళాలి. ఈయన కూడా వెండి మీద నగిషీ చెక్కడం నేర్చుకుని వచ్చినవాడే. 1732లో పల్లె నుంచి లండన్ వచ్చి వ్యభిచారంలోకి లాగబడి చిన్న వయసులోనే చనిపోయిన ఒక అమ్మాయి కథని ఆరు బొమ్మల్లో చెప్పాడు. ముందు పెయింటింగులు వేసి ఇంట్లో పెట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళ దగ్గర చందా కట్టించుకుని ప్రింట్లు ఇచ్చాడు, ఆరు బొమ్మల సెట్టు ఒక గినీ, వెయ్యి మందికి పైగా కట్టారు. గినీ అంటే 21 షిల్లింగులు, ఆ రోజుల్లో లండన్ కూలీకి వారానికి వచ్చేది పది షిల్లింగుల ప్రాంతంలో. అంటే రెండు వారాల కూలి. పెయింటింగుతో పోలిస్తే చాలా చవకే, కూలీ మనిషికి మాత్రం అది ఇంకా చాలా దూరమే. మధ్యతరగతి వాళ్ళు, షాపుల వాళ్ళు, లాయర్లు కొన్నారు, మిగతా జనం ప్రింట్ షాపుల కిటికీ అద్దాల్లో, కాఫీ హౌసుల గోడల మీద చూశారు. చూడటానికి డబ్బు అక్కర్లేదు, అందుకే కొన్నవాళ్ళ లెక్కకీ చూసినవాళ్ళ లెక్కకీ చాలా తేడా ఉంటుంది.

ఈ సెట్టుని దొంగ ప్రింటర్లు వెంటనే కాపీ చేసి చవగ్గా అమ్మేశారు. హోగార్త్ ఊరుకోలేదు, తోటి ఎన్‌గ్రేవర్లని కలుపుకుని పార్లమెంటు దాకా వెళ్ళాడు, 1735లో ఎన్‌గ్రేవర్లకి 14 ఏళ్ళ కాపీరైట్ ఇచ్చే చట్టం వచ్చింది, దాన్ని ఇప్పటికీ హోగార్త్ చట్టం అనే అంటారు. తన తర్వాతి సెట్టుని ఆ చట్టం అమల్లోకి వచ్చేదాకా ఆపి పెట్టి అప్పుడు వదిలాడు. పెయింటర్ల కంటే ముందు ఎన్‌గ్రేవర్లకి కాపీరైట్ ఎందుకు కావాల్సొచ్చిందో అర్థమవుతోంది కదా, ఒకే గోడ మీద ఉండే బొమ్మని దొంగిలించాలంటే గోడ దగ్గరికి వెళ్ళాలి, కాగితాన్ని దొంగిలించడానికి ఒక కాగితం కొంటే చాలు.

రేట్ల విషయంలో ఆయన చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చుతుంది. 1751లో లండన్ పేదవాడల్ని ముంచేస్తున్న చవక సారా మీద జిన్ లేన్ అనే బొమ్మ వేశాడు, తాగిన తల్లి చేతుల్లోంచి పసిబిడ్డ మెట్ల పక్కన కింద పడిపోతుంటుంది, చూస్తే మర్చిపోలేం. దాన్ని ఒక్క షిల్లింగుకి అమ్మాడు, కింది తరగతి వాళ్ళ కోసం వేసిన బొమ్మ కాబట్టి వీలైనంత చవగ్గా ఇస్తున్నా అని ప్రకటనలో రాశాడు. మరుసటి సెట్టు జంతువుల మీద క్రూరత్వం గురించి, దాన్ని ఇంకా చవక చేద్దామని చెక్క అచ్చుకి మార్చి రెండు బొమ్మలు చెక్కించి చూశాడు, అంత పెద్ద సైజులో చెక్కడానికి ఖర్చు ఎక్కువై ఆపేసి మళ్ళీ రాగికే వచ్చాడు. మంచి మనసు ఉంటే చాలదు, కూలి లెక్క కూడా కుదరాలి. ఆ రెండు కుదిరిన చోటే బొమ్మ కిందికి దిగింది. ఇంకో మాట, ఆ వ్యభిచారి కథ పెయింటింగులు ఆరూ 1755లో ఒక జమీందారు బంగళా తగలబడి పోయాయి. మనం ఇప్పుడు చూసేది ప్రింట్లే.

లితోగ్రఫీ వచ్చాక వేగం మారిపోయింది. అలోయిస్ జెనెఫెల్డర్ అనే ఆయన మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునేవాడు, వాటిని చవగ్గా అచ్చు వేసుకోవాలని తంటాలు పడుతూ 1790ల చివర్లో దీన్ని కనిపెట్టాడు. బవేరియాలో దొరికే నున్నటి సున్నపురాయి మీద జిడ్డు ఉన్న పెన్సిల్‌తో గీస్తారు, రాయిని తడుపుతారు, నీళ్ళున్న చోట ఇంకు అంటదు, జిడ్డున్న చోట అంటుకుంటుంది. తవ్వడం లేదు, చెక్కడం లేదు, మధ్యలో వేరే చేయి లేదు, ఆర్టిస్టు గీసిన గీతే అచ్చులోకి వస్తుంది. పారిస్‌లో ఓనోరే డోమియే ఇలా దాదాపు 4000 బొమ్మలు వేశాడు, ఎక్కువ పత్రికల కోసం. రాజు లూయీ ఫిలిప్‌ని జనం డబ్బు మింగే రాక్షసుడిగా వేసినందుకు జైలుకి కూడా వెళ్ళాడు. 1835లో ఫ్రాన్సు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది, అచ్చయ్యే ప్రతి బొమ్మకీ ముందే అనుమతి తీసుకోవాలి అని, రాసిన మాటకి మాత్రం ఆ ముందస్తు సెన్సార్ పెట్టలేదు. చదువు రానివాడికి కూడా బొమ్మ అర్థమైపోతుంది, అదే ప్రభుత్వాన్ని భయపెట్టింది. కళ ఎంతమందికి అందుతోందో కొలవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆ బవేరియా రాళ్ళే ఓడలెక్కి మన దేశానికొచ్చాయి. కలకత్తాలో, పూనాలో 1878కే దేవుళ్ళ లితో బొమ్మలు వేసే ప్రెస్సులు ఉన్నాయి, అయినా మన ఇళ్ళ గోడల్ని మార్చింది రవివర్మ. తిరువాన్కూరుకీ తర్వాత బరోడాకీ దివానుగా చేసిన టి. మాధవరావు ఆయనకి ఎప్పుడో సలహా ఇచ్చాడు, నీ బొమ్మలు కావాలని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్క చేత్తో అందరికీ వేయలేవు, కొన్నిటిని యూరప్ పంపించి అచ్చు వేయించు అని. రవివర్మ పంపించడం కాదు, తమ్ముడు రాజరాజవర్మతో కలిసి 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సే పెట్టాడు, మెషీన్లు జర్మనీవి, పనివాళ్ళలో జర్మన్ టెక్నీషియన్లు. దీన్ని ఓలియోగ్రాఫ్ అనేవాళ్ళు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి, లక్ష్మీదేవి చీర ఎరుపుకి ఒకటి, తామరల గులాబీకి ఒకటి, ఒంటి ఛాయకే రెండు మూడు, అదే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒక రాయి మీద వెంట్రుకవాసి తేడా రాకుండా పెట్టి ఒత్తాలి, చివర్న వార్నిష్ పూస్తే ఆయిల్ పెయింటింగ్‌లా మెరుస్తుంది.

వ్యాపారంగా చూస్తే అన్నదమ్ములకి అది కలిసిరాలేదు. బొంబాయిలో ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి, ప్రెస్సుని లోనావాలా దగ్గర మళవ్లీకి మార్చారు, చివరికి 1900 తర్వాత తమ దగ్గర పనిచేసిన ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్‌కే అమ్మేశారు. ఆయన చేతిలో అది దశాబ్దాల పాటు నడిచింది, దేవుళ్ళ బొమ్మలతో పాటు అగ్గిపెట్టెల లేబుళ్ళు, క్యాలెండర్లు కూడా వేశారు. తర్వాత మన దేశపు మొదటి పూర్తి నిడివి సినిమా తీసిన ఫాల్కే కూడా కొంతకాలం అక్కడ పనిచేశాడు.

రవివర్మ ప్రింట్ల మీద విమర్శలు బోలెడున్నాయి, దేవతలందరినీ ఒకే రకం ముఖంతో, ఒకే రకం చీరకట్టుతో మార్చేశాడని, ఊరూరా ఉన్న చిత్రకారుల పద్ధతులు వెనక్కి పోయాయని. ఆ విమర్శలో నిజం ఉంది, ఖడ్గమృగం కొమ్ము సంగతి చెప్పుకున్నాం కదా, ఒకే బొమ్మ అన్ని చోట్లకీ వెళ్తే వేరే బొమ్మలకి చోటు తగ్గుతుంది. మన చేర్యాల నకాషీల పటాల్లో దేవతలు వేరే, లేపాక్షి కప్పు మీద వేరే, తిరుపతి వైపు ఇళ్ళలో ఉండే పటాలు వేరే, వాటన్నిటి మీదా ఆ ఒకే ముఖం నీడ పడింది. కానీ దీనికి రెండో వైపు కూడా చూడండి. రవివర్మ సొంత రాజ్యం తిరువాన్కూరులో దళితులకి, ఇంకా చాలా కులాల వాళ్ళకి గుడిలోకి ప్రవేశం 1936 నవంబర్‌లో గానీ రాలేదు. ప్రెస్సు పెట్టిన 42 ఏళ్ళ తర్వాత. ఆ 42 ఏళ్ళూ గర్భగుడి గుమ్మం దాకా కూడా రానివ్వని మనిషి కొన్ని అణాలు పెట్టి సంతలో ఒక లక్ష్మీ పటం కొనుక్కుని ఇంట్లో మేకుకి తగిలించి దండ వేసుకునే వీలు వచ్చింది. మధ్యలో ఎవరి అనుమతీ లేదు. ఆడవాళ్ళు ఆ ప్రింట్ల మీదే జరీ, తళుకులు, పూసలు కుట్టి తమ దేవతకి తామే చీర కట్టుకున్నారు. ఈ రెండూ తూకం వేస్తే నేను రెండో వైపే ఉంటాను, ముఖాలన్నీ ఒకటైపోయిన నష్టం తెలిసి కూడా.

ఇక చాలామందిని తికమక పెట్టే విషయం. ప్రింటు పుట్టిందే చవకగా ఎక్కువమందికి ఇవ్వడానికి అయితే, ఇప్పుడు గ్యాలరీలో ఒక ఎచింగ్ కింద పెన్సిల్‌తో 7/50 (యాభై కాపీల్లో ఏడోది) అని రాసి అంత రేటు ఎందుకు పెడుతున్నారు, ప్రింటే కదా? దీనికి జవాబు ఫొటో. 1800ల చివరికి ఫొటో నుంచి నేరుగా అచ్చు వేసే పద్ధతులు రావడంతో, పెయింటింగ్‌ని చూసి చెక్కే ఎన్‌గ్రేవర్లకి పని పోయింది. అదే టైముకి రాగి రేకు మీద పల్చటి ఉక్కు పూత వేసే పద్ధతి కూడా వచ్చేసింది, రేకు అరగడం కూడా బాగా తగ్గింది, వేలల్లో తీయొచ్చు. అంటే కొన్ని వందలకి ఆగిపోవడం అనేది అంతకు ముందు రాగి పెట్టిన హద్దు, ఆ తర్వాత ఆర్టిస్టు తనకు తాను పెట్టుకున్న హద్దు. యాభై తీసి నంబర్లు వేసి సంతకం పెట్టి రేకుని అడ్డంగా గీసి పాడు చేసేస్తారు. ప్రచారం, వార్త, దేవుడి పటం లాంటి పనులన్నీ ఆఫ్‌సెట్ మెషీన్లకి వెళ్ళిపోయాయి కాబట్టి ఎచింగ్, లితో లాంటివి ఆర్టిస్టులు తమ కోసం వాడుకునే భాషగా మిగిలాయి. 7/50 ఉన్న కాగితం ఏ పెయింటింగ్‌కీ నకలు కాదు, ఆ రేకు మీదే పుట్టిన బొమ్మ, ఆ యాభై కాగితాలూ అసలే. పెయింటింగ్‌ని స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసి నంబర్ వేసి అమ్మేది వేరే సరుకు, దానికీ దీనికీ తేడా తెలుసుకోవాలంటే కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, రాగి రేకు మీద తీసినదైతే బొమ్మ చుట్టూ రేకు అంచు ఒత్తుకున్న పల్లం ఉంటుంది, వేలితో తడిమితే ఇంకు కొంచెం పైకి తగులుతుంది.

ఈ రెండో దశలో మన వాళ్ళ పేర్లు గట్టిగా చెప్పుకోవాలి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ తెలంగాణ పల్లెల మనుషుల్ని, మేకల్ని, చెట్లని ఎచింగ్ గీతల్లోకి తెచ్చాడు, ఆ గీతలో ఉన్న ధైర్యం చూసి తీరాలి. ఆయన కంటే ముందు చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణా రెడ్డి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని లండన్ మీదుగా పారిస్ వెళ్ళి స్టాన్లీ హేటర్ నడిపే అటెలియర్ 17 అనే వర్క్‌షాప్‌లో చేరాడు. నందలాల్ బోస్ 1930లో దండి యాత్రలో చేతికర్ర పట్టుకుని నడిచే గాంధీని లినోలియం అనే మెత్తటి షీటు మీద చెక్కి అచ్చు వేసిన మనిషి, నలుపు తెలుపుల్లో ఉన్న ఆ బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. శిష్యుడు రంగుల వైపు వెళ్ళాడు. రవివర్మ ప్రెస్సులో ఒక్కో రంగుకి ఒక్కో రాయి అని చెప్పుకున్నాం, కృష్ణా రెడ్డి, హేటర్, ఇంకా అక్కడి సహచరులు కలిసి ఒకే రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి తీసే పద్ధతి తయారు చేశారు. రేకుని రకరకాల లోతుల్లో తవ్వుతారు, ఇంకుల్లో నూనె ఎక్కువ తక్కువలు చేసి ఒకటి పల్చగా ఒకటి చిక్కగా కలుపుతారు, మెత్తటి రోలరు లోపలి దాకా దిగుతుంది, గట్టి రోలరు పైపైనే పోతుంది, నూనె తేడా వల్ల ఒక రంగు ఇంకో రంగుని తనలో కలవనివ్వదు. అలా రోలర్లన్నీ వేసి ఒక్కసారి ప్రెస్సులోంచి లాగితే నీలం, ఆకుపచ్చ, నారింజ ఒకే కాగితం మీద వచ్చేస్తాయి. ఆయన వర్ల్‌పూల్ అనే ప్రింటు 1963 నాటిది, సుడిగుండంలో నీళ్ళు తిరుగుతున్నట్టే ఉంటుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది, 1970ల్లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ నేర్పాడు, 2018లో అక్కడే చనిపోయాడు. ఈ పద్ధతిని ఆయన దాచుకోలేదు, వర్క్‌షాపులు పెట్టి అడిగిన వాళ్ళందరికీ నేర్పాడు, ఇప్పుడు చాలా దేశాల ఆర్ట్ కాలేజీల్లో పిల్లలు రోలర్లు పట్టుకుని ఇదే చేస్తున్నారు.